యూనిట్ 11: స్త్రీ హార్మోన్లు, కుంగుబాటు నివారణ మందులు, ఆందోళన

11.0 ఉద్దేశాలు

ఈ యూనిట్‌ను చదివిన తరువాత మీరు:
- ట్రిప్టోఫాన్ నుంచి సెరటోనిన్ ఎలా తయారవుతుందో, దానిపై ఆహారం, హార్మోన్ల ప్రభావం ఏమిటో వివరించగలుగుతారు.
- ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరాన్ ఆందోళనను ఏయే మార్గాల్లో మారుస్తాయో చెప్పగలుగుతారు.
- ఒకే మందు, ఒకే మోతాదు స్త్రీ జీవితంలోని వేర్వేరు దశల్లో వేర్వేరుగా పనిచేయడానికి కారణాలను గుర్తించగలుగుతారు.
- ఆందోళన, నెలసరి రోజుల మధ్య సంబంధాన్ని రోజువారీ నమోదు ద్వారా పరిశీలించగలుగుతారు.

11.1 పరిచయం

కుంగుబాటు, ఆందోళన రుగ్మతలు పురుషులలో కంటే స్త్రీలలో దాదాపు రెట్టింపుగా కనిపిస్తాయి. బాల్యంలో ఈ తేడా అంతగా ఉండదు. యుక్తవయసులో మొదలై, సంతానోత్పత్తి వయసంతా కొనసాగుతుంది. దీనికి సామాజిక కారణాలు బలమైనవే: ఇంటి చాకిరీ, గృహహింస, ఆర్థికంగా ఇతరులపై ఆధారపడటం, నిద్రలేమి. వీటిని పక్కనపెట్టి అంతా హార్మోన్ల వల్లనే అనడం తప్పు. అలాగే హార్మోన్లకు ఏ పాత్రా లేదనడం కూడా శాస్త్రీయం కాదు.

కుంగుబాటు నివారణ మందులను వైద్యులు ఆందోళనకు కూడా ఇస్తారని మీకు తెలుసు. ఈ మందులు వాడే స్త్రీలలో కొందరు "నెలలో మూడు వారాలు బాగానే ఉంటాను, ఒక వారం మాత్రం మందు వేసుకోనట్టే ఉంటుంది" అని చెబుతారు. ఈ మాటను మనసు బలహీనతగా కొట్టిపారేసేవారు ఉన్నారు. మందు పనికిరాదని దాన్ని మానేసేవారూ ఉన్నారు. ఈ రెండు ముగింపులూ ఎందుకు సరికావో ఈ యూనిట్‌లో తెలుసుకుంటాం. క్లుప్తంగా చెప్పాలంటే, మాత్ర మోతాదు మారకపోయినా ఆ మాత్ర పనిచేసే శరీరం మారుతూ ఉంటుంది. ఆ మార్పును లెక్కలోకి తీసుకోకుండా మందు పనితీరును అంచనా వేయలేం.

11.2 సెరటోనిన్ ముడిసరుకు: తార్నాకలో జరిగిన పరిశోధనలు

సెరటోనిన్ నాడీకణాల మధ్య సంకేతాలను చేరవేసే రసాయనం. దీన్ని శరీరం ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం నుంచి తయారు చేసుకుంటుంది. ట్రిప్టోఫాన్ మనకు ఆహారంలోని మాంసకృత్తుల ద్వారానే లభించాలి. ఇలా లభించిన ట్రిప్టోఫాన్‌లో చాలా కొద్ది భాగమే సెరటోనిన్‌గా మారుతుంది. అధిక భాగం కైన్యురెనిన్ మార్గం అనే మరో దారిలో వెళుతుంది. నియాసిన్ అనే బి విటమిన్ తయారయ్యేది కూడా ఈ దారిలోనే.

ఈ విషయంలో మనకు చాలా దగ్గరలో ముఖ్యమైన పరిశోధన జరిగింది. సికింద్రాబాద్‌ను ఆనుకుని ఉన్న తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో ఆరంభమైన ఈ సంస్థ 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చింది. పెల్లాగ్రా వ్యాధి ప్రధానంగా మొక్కజొన్న మీద బతికేవారికే వస్తుందని అప్పట్లో భావించేవారు. దక్కన్ పీఠభూమిలో జొన్న సంకటి, జొన్న రొట్టె మీదే ఆధారపడిన పేదలలోనూ ఈ వ్యాధి ఉందని ఇక్కడి శాస్త్రవేత్తలు గుర్తించారు. ఎండ తగిలే చోట చర్మం నల్లబడి పగలడం, విరేచనాలు, మానసిక మార్పులు దీని లక్షణాలు. మానసిక మార్పులలో కుంగుబాటు ముఖ్యమైనది.

సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతియా 1960లో ఒక ప్రతిపాదన చేశారు. జొన్నలో అధికంగా ఉండే ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం ట్రిప్టోఫాన్ వినియోగాన్ని దెబ్బతీస్తుందన్నది దాని సారాంశం. కమలా కృష్ణస్వామి వంటి శాస్త్రవేత్తలు ఈ పరిశోధనను సెరటోనిన్ వైపు కూడా విస్తరించారు. ల్యూసిన్ పాత్రపై తరువాత చర్చలు జరిగాయి. జొన్న తినకూడదని కూడా దీని అర్థం కాదు. పప్పు, పాలు, కూరగాయలు లేకుండా జొన్న ఒక్కటే తిన్నవారిలో వచ్చిన సమస్య ఇది. మనం ఇక్కడ గ్రహించవలసింది ఏమిటంటే, మనఃస్థితితో సంబంధం ఉన్న సెరటోనిన్ శరీరంలోని ఇతర మార్పులకు అతీతమైనది కాదు.

ఆ ఇతర మార్పులలో హార్మోన్లు కూడా ఉన్నాయి. ఈస్ట్రోజెన్ ఎక్కువైతే ట్రిప్టోఫాన్ కైన్యురెనిన్ దారిలోకి మరింతగా మళ్లుతుంది. విటమిన్ బి6 అవసరం కూడా పెరుగుతుంది. గర్భనిరోధక మాత్రలు వాడుతూ కుంగుబాటుకు లోనైన 22 మంది స్త్రీలపై జరిపిన ఒక అధ్యయనం 1973లో వెలువడింది. వారిలో సగం మందికి బి6 లోపం ఉంది. బి6 ఇచ్చినప్పుడు మెరుగుపడింది ఆ లోపం ఉన్నవారే. తార్నాకలో మహతాబ్ బామ్జీ, ఆమె సహచరులు గర్భనిరోధక మాత్రలు వాడే మన ప్రాంత స్త్రీలలో బి విటమిన్ల స్థితిని పరిశీలించారు. అప్పటి మాత్రలలో ఈస్ట్రోజెన్ మోతాదు ఎక్కువగా ఉండేది. ఇప్పటి మాలా-డి మాత్రలో అది 0.03 మిల్లీగ్రాములు మాత్రమే.

మీ ప్రగతిని సమీక్షించుకోండి - 1
అ) సెరటోనిన్‌కు ముడిసరుకు ఏది?
ఆ) 1960 నాటి ప్రతిపాదనలో జొన్నలోని ఏ అమైనో ఆమ్లాన్ని ప్రస్తావించారు?

11.3 మందులు పనిచేసే తీరు

ఒక నాడీకణం విడుదల చేసిన సెరటోనిన్‌ను అదే కణం తిరిగి లోపలికి పీల్చుకుంటుంది. ఈ పని చేసే ప్రోటీన్‌ను సెరటోనిన్ ట్రాన్స్‌పోర్టర్ అంటారు. దీన్ని అడ్డుకునే మందులు ఎస్.ఎస్.ఆర్.ఐ. వర్గానికి చెందుతాయి. ఫ్లుయోక్సెటిన్, సెర్ట్రలిన్, ఎస్సిటలోప్రామ్, పారోక్సెటిన్ ఇందులో తరచుగా వినిపించే పేర్లు. ఫ్లుయోక్సెటిన్‌కు అమెరికాలో 1987 చివర అనుమతి లభించింది. 2001 ఆగస్టులో హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ రెడ్డీస్ లేబొరేటరీస్ సంస్థ 40 మిల్లీగ్రాముల ఫ్లుయోక్సెటిన్ క్యాప్సూళ్లను అదే దేశ మార్కెట్లో 180 రోజుల ప్రత్యేక హక్కుతో విడుదల చేసింది.

ఈ మందులు మొదలుపెట్టిన వెంటనే ఆందోళన తగ్గదు. మొదటి ఒకటి రెండు వారాల్లో కొందరికి గాభరా, గుండె దడ, నిద్రపట్టకపోవడం పెరగవచ్చు కూడా. సెరటోనిన్ ఒక్కసారిగా పెరిగినప్పుడు, దాని విడుదలను అదుపు చేసే గ్రాహకాలు సర్దుకోవడానికి సమయం పడుతుంది. అందుకే వైద్యులు తక్కువ మోతాదుతో మొదలుపెడతారు. పూర్తి ఫలితం కనిపించడానికి సాధారణంగా కొన్ని వారాలు పడుతుంది. ఈ మందులు మొదలైన తొలి రోజులు నెలసరికి ముందు వారంతో కలిస్తే, పెరిగిన గాభరాకు కారణం ఏదో గుర్తించడం కష్టమవుతుంది.

11.4 రెండు హార్మోన్లు, రెండు రకాల ప్రభావాలు

11.4.1 ఈస్ట్రోజెన్: ఇందులో ముఖ్యమైన రూపం ఈస్ట్రడయాల్. జంతువులపై జరిపిన ప్రయోగాల్లో ఇది సెరటోనిన్ తయారీకి అవసరమైన ఎంజైమును పెంచింది. సెరటోనిన్‌ను విచ్ఛిన్నం చేసే ఎంజైమును తగ్గించింది. అంటే మందు ఏ వ్యవస్థ మీద పనిచేస్తుందో, ఈస్ట్రడయాల్ కూడా అదే వ్యవస్థ మీద పనిచేస్తుంది.

11.4.2 ప్రొజెస్టిరాన్: అండం విడుదలైన తరువాత దీని స్థాయి పెరుగుతుంది. నెలసరికి ముందు రోజుల్లో వేగంగా పడిపోతుంది. శరీరం దీన్ని అల్లోప్రెగ్ననొలోన్ అనే పదార్థంగా మారుస్తుంది. మెదడును శాంతపరిచే గాబా వ్యవస్థకు ఇది బలమిస్తుంది. నిద్రమాత్రలలో కొన్ని పనిచేసేది కూడా ఈ గాబా గ్రాహకాల మీదే. అందువల్ల ఈ పదార్థం హఠాత్తుగా తగ్గితే, అలవాటైన శాంతకారకాన్ని ఒక్కసారిగా ఆపినప్పటి స్థితి కొందరిలో ఏర్పడుతుంది.

అయితే, హార్మోన్ల మార్పు అందరిలోనూ జరుగుతుంది కదా, ఆందోళన కొందరికే ఎందుకు? 1998లో అమెరికా పరిశోధకులు ప్రచురించిన ఒక ప్రయోగం దీనికి జవాబు ఇచ్చింది. నెలసరికి ముందు తీవ్ర లక్షణాలు ఉన్న స్త్రీలకు, ఏ లక్షణాలూ లేని స్త్రీలకు అండాశయాల పనిని మందుతో తాత్కాలికంగా ఆపారు. తరువాత రెండు గుంపులకూ ఒకే మోతాదులో ఈస్ట్రడయాల్ లేదా ప్రొజెస్టిరాన్ ఇచ్చారు. మొదటి గుంపులో లక్షణాలు తిరిగి వచ్చాయి. రెండో గుంపులో రాలేదు. అంటే తేడా హార్మోన్ల పరిమాణంలో లేదు. సాధారణ మార్పుకు మెదడు స్పందించే తీరులో ఉంది. కాబట్టి రక్తపరీక్షలో హార్మోన్లు సాధారణంగా ఉన్నాయని తేలినంత మాత్రాన ఆమె బాధ కల్పితం అని చెప్పలేం.

11.5 మందు, హార్మోన్ కలిసే మూడు మార్గాలు

1. సెరటోనిన్ వ్యవస్థలో: మెక్సికోలో అండాశయాలు తొలగించిన ఎలుకలపై ప్రయోగాలు జరిగాయి. విడివిడిగా ఇస్తే పనిచేయనంత తక్కువ మోతాదుల్లో ఈస్ట్రోజెన్‌ను, ఫ్లుయోక్సెటిన్‌ను కలిపి ఇచ్చినప్పుడు ఫలితం కనిపించింది. అయితే మరికొన్ని ఎలుకల ప్రయోగాల్లో ఈస్ట్రడయాల్ ఇదే వర్గానికి చెందిన మరో మందు పనిని అడ్డుకుంది. మోతాదు, సమయం, ఏ రకం గ్రాహకం మీద పనిచేసిందన్న వాటిని బట్టి ఫలితం మారుతుంది. ఈస్ట్రోజెన్ ఎప్పుడూ మందుకు తోడ్పడుతుందని సూత్రీకరించలేం.

మనుషుల విషయంలో, 2000లో వెలువడిన ఒక అధ్యయనంలో దీర్ఘకాలిక కుంగుబాటు ఉన్న స్త్రీలు సెర్ట్రలిన్‌కు, పురుషులు పాత తరం మందైన ఇమిప్రమిన్‌కు మెరుగ్గా స్పందించారు. నెలసరి ఆగిపోయిన స్త్రీలలో ఈ రెండు మందుల మధ్య తేడా కనిపించలేదు. తరువాతి విశ్లేషణలన్నీ ఒకే మాట చెప్పలేదు గనుక దీన్ని సూచనగానే చూడాలి.

2. అల్లోప్రెగ్ననొలోన్ ద్వారా: ఫ్లుయోక్సెటిన్ తక్కువ మోతాదులోనే మెదడులో అల్లోప్రెగ్ననొలోన్‌ను పెంచగలదని ఎలుకలలో గమనించారు. ప్రొజెస్టిరాన్ పడిపోయే దశలో ఆడ ఎలుకల్లో పెరిగే ఆందోళన ప్రవర్తనను ఇలాంటి మోతాదు నివారించింది. నెలసరికి ముందు వచ్చే తీవ్ర మానసిక అస్వస్థతలో ఈ మందులు కొన్ని వారాలకు బదులు కొద్ది రోజుల్లోనే ఎందుకు పనిచేస్తాయో వివరించడానికి ఇది తోడ్పడుతుంది.

3. కాలేయం ద్వారా: మందులను విచ్ఛిన్నం చేసే కాలేయ ఎంజైములపై హార్మోన్ల ప్రభావం ఉంటుంది. గర్భనిరోధక మాత్రల్లోని ఈస్ట్రోజెన్ కొన్ని ఎంజైములను నెమ్మదింపజేసి, ఇమిప్రమిన్ వంటి మందుల స్థాయిని రక్తంలో పెంచగలదు. గర్భధారణలో కొన్ని ఎంజైములు చురుకవుతాయి, మరికొన్ని మందగిస్తాయి. చివరి నెలల్లో రక్తంలో ఫ్లుయోక్సెటిన్ స్థాయి తగ్గడం ఇందుకు ఉదాహరణ. ఇది రెండో దిశలో కూడా జరుగుతుంది. రొమ్ము క్యాన్సర్‌లో వాడే టమోక్సిఫెన్ శరీరంలో చురుకైన రూపంలోకి మారాలంటే ఒక ఎంజైము అవసరం. పారోక్సెటిన్, ఫ్లుయోక్సెటిన్ ఆ ఎంజైమును బలంగా అడ్డుకుంటాయి. అందుకే టమోక్సిఫెన్ వాడేవారు ఆ విషయాన్ని మానసిక వైద్యునికి తప్పక చెప్పాలి.

మీ ప్రగతిని సమీక్షించుకోండి - 2
అ) అల్లోప్రెగ్ననొలోన్ ఏ హార్మోన్ నుంచి తయారవుతుంది?
ఆ) మందు, హార్మోన్ కలిసే మూడు మార్గాలను పేర్కొనండి.

11.6 జీవిత దశలు

11.6.1 నెలసరి చక్రం: నెలసరికి ముందు వచ్చే తీవ్ర మానసిక అస్వస్థతను పి.ఎం.డి.డి. అంటారు. దీనికి ఫ్లుయోక్సెటిన్ వాడకాన్ని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2000లో ఆమోదించింది. 2013 నాటి డి.ఎస్.ఎం.-5లో ఇది ప్రత్యేక రుగ్మతగా చేరింది. దీనికి ఇచ్చే మందును నెలంతా కాకుండా, అండం విడుదల తరువాత రెండు వారాలు మాత్రమే ఇచ్చే పద్ధతి కూడా ఉంది. కుంగుబాటు, సాధారణ ఆందోళన రుగ్మతలకు ఈ పద్ధతి వర్తించదు.

11.6.2 ప్రసవం తరువాత: గర్భంలో ఎంతో ఎత్తున ఉన్న ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరాన్ ప్రసవమైన కొద్ది రోజుల్లోనే పడిపోతాయి. 2000లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో గర్భం లేని 16 మంది స్త్రీలకు ఈ హార్మోన్లను ఇచ్చి ఒక్కసారిగా ఆపారు. గతంలో ప్రసవానంతర కుంగుబాటు వచ్చిన 8 మందిలో 5 మందికి మనఃస్థితి లక్షణాలు కనిపించాయి. అలాంటి చరిత్ర లేని 8 మందిలో ఎవరికీ రాలేదు. అల్లోప్రెగ్ననొలోన్‌నే బ్రెక్సనొలోన్ పేరుతో మందుగా మార్చి 60 గంటల పాటు నరం ద్వారా ఇచ్చే చికిత్సకు 2019లో అమెరికాలో అనుమతి లభించింది. బాలింత ఆందోళనను "పచ్చి ఒళ్లు, సర్దుకుంటుందిలే" అని వదిలేయరాదని చెప్పడానికి ఇవి చాలు.

11.6.3 ముట్లుడిగే కాలం: ఈ కాలంలో ఈస్ట్రోజెన్ ఒక క్రమంలో తగ్గదు, ఎగుడుదిగుడుగా మారుతుంది. రాత్రి ఒంట్లో వేడి ఆవిర్లు, చెమటలు, వాటివల్ల నిద్రలేమి, దానివల్ల ఆందోళన ఒక గొలుసులా సాగుతాయి. బ్రెజిల్‌లో ఈ దశలో కుంగుబాటు ఉన్న 50 మందిపై జరిగిన అధ్యయనం 2001లో వెలువడింది. 12 వారాలు ఈస్ట్రడయాల్ పట్టీ వాడినవారిలో 68 శాతం మంది కోలుకోగా, మందులేని పట్టీ వాడినవారిలో 20 శాతం మందే కోలుకున్నారు. అయితే ఈస్ట్రోజెన్ అందరికీ తగినది కాదు. రొమ్ము క్యాన్సర్, రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవారికి సాధారణంగా ఇవ్వరు.

11.7 ఒక ఊహాత్మక ఉదాహరణ

సికింద్రాబాద్ జనరల్ బజార్‌లోని ఒక బట్టల దుకాణంలో పనిచేసే 29 ఏళ్ల స్త్రీని ఊహించండి. ఆందోళన రుగ్మతకు ఆరు నెలలుగా సెర్ట్రలిన్ వాడుతోంది. "మందు పనిచేయడం లేదు, మానేస్తాను" అంటోంది. ఆమె రెండు నెలసరి చక్రాల పాటు ప్రతి రాత్రి తన ఆందోళనకు 0 నుంచి 10 వరకు ఒక అంకె వేసుకుంది. వారపు సగటులు ఇలా ఉన్నాయి:

మొదటి చక్రం: 1వ వారం 4, 2వ వారం 2, 3వ వారం 3, 4వ వారం 8
రెండో చక్రం: 1వ వారం 3, 2వ వారం 2, 3వ వారం 3, 4వ వారం 7

మాత్ర మరిచిపోయినది మొదటి చక్రంలో 2వ వారంలో ఒక్కరోజే.

ఇప్పుడు ఒక్కో వివరణను పరీక్షిద్దాం. మందు అసలు పనిచేయకపోతే అన్ని వారాల్లోనూ అంకెలు ఎక్కువగా ఉండాలి. 2వ వారంలో 2 మాత్రమే ఉంది. మాత్రలు మరవడమే కారణమైతే ఆ 2వ వారంలోనే పెరగాలి, పెరగలేదు. పని ఒత్తిడి సంగతేమిటి? మొదటి చక్రంలో 4వ వారం ఆషాఢం అమ్మకాల రద్దీతో కలిసింది. నమోదు అక్కడితో ఆపి ఉంటే దుకాణం పనే కారణం అనుకునేవాళ్లం. రద్దీ లేని రెండో చక్రంలో కూడా 4వ వారంలోనే ఆందోళన పెరిగింది. కాబట్టి ఉన్న రుగ్మతే నెలసరికి ముందు తీవ్రమవుతోందనే వివరణ బలంగా నిలుస్తుంది. పి.ఎం.డి.డి. నిర్ధారణకు కూడా కనీసం రెండు చక్రాల నమోదు అడగడానికి కారణం ఇలాంటి పొరపాట్లను తప్పించడమే.

ఈ కాగితం చేతిలో ఉంటే వైద్యునితో సంభాషణ మారుతుంది. "మందు పనిచేయడం లేదు" అనే ఫిర్యాదు "మూడు వారాలు పనిచేస్తోంది, నాలుగో వారం చాలడం లేదు" అనే సమాచారంగా మారుతుంది. మోతాదు సవరించాలా, మందు మార్చాలా, మాటల చికిత్స జోడించాలా అన్నది వైద్యులు నిర్ణయిస్తారు. థైరాయిడ్ సమస్య, రక్తహీనత కూడా గుండె దడను కలిగిస్తాయి గనుక ఆ పరీక్షలూ అవసరం కావచ్చు.

11.8 గుర్తుంచుకోవలసిన జాగ్రత్తలు

- మందును హఠాత్తుగా ఆపకూడదు. తల తిరగడం, చిరాకు, గాభరా వస్తాయి. జబ్బు తిరగబెట్టిందని వీటిని పొరబడే ప్రమాదం ఉంది.
- గర్భం నిలిచిందని తెలిసిన రోజునే భయంతో మందు ఆపేయవద్దు. వెంటనే వైద్యుని సంప్రదించాలి. చికిత్స లేని కుంగుబాటు వల్ల తల్లికీ బిడ్డకూ ముప్పు ఉంటుంది.
- గర్భనిరోధక మాత్రలు, హార్మోన్ సూదులు, టమోక్సిఫెన్ వంటివి ఏవి వాడుతున్నా మానసిక వైద్యునికి చెప్పాలి.
- చనిపోవాలనే ఆలోచనలు వస్తే నమోదు కోసం వేచి ఉండరాదు. టెలి మానస్ సేవ 14416 నంబరుకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. 2022లో ప్రారంభమైన ఈ సేవ తెలుగులో కూడా లభిస్తుంది. ముషీరాబాద్‌లోని గాంధీ ఆసుపత్రి వంటి ప్రభుత్వ బోధనాసుపత్రులలో మానసిక వైద్య విభాగాలు ఉన్నాయి.

11.9 సారాంశం

సెరటోనిన్ తయారీ, వినియోగం ఆహారం మీద, హార్మోన్ల మీద ఆధారపడతాయి. కుంగుబాటు నివారణ మందులు పనిచేసే సెరటోనిన్ వ్యవస్థ మీదే ఈస్ట్రోజెన్ కూడా పనిచేస్తుంది. ప్రొజెస్టిరాన్ నుంచి వచ్చే అల్లోప్రెగ్ననొలోన్ గాబా ద్వారా ఆందోళనను ప్రభావితం చేస్తుంది. కాలేయ ఎంజైముల ద్వారా హార్మోన్లు మందు స్థాయిని, కొన్ని మందులు హార్మోన్ చికిత్సను మార్చగలవు. ఈ మార్పులకు స్పందించే తీరు స్త్రీ నుంచి స్త్రీకి వేరు. అందువల్ల ఆందోళన ఎంత ఉందన్న ప్రశ్నతో పాటు ఏ రోజుల్లో ఉందన్న ప్రశ్న కూడా వేయాలి.

11.10 మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. క్రింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. పెల్లాగ్రా పరిశోధనలకు, సెరటోనిన్‌కు గల సంబంధాన్ని తెలపండి.
2. మందు మొదలుపెట్టిన తొలి వారాల్లో ఆందోళన పెరగడానికి కారణం ఏమిటి?

II. క్రింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. స్త్రీ హార్మోన్లు, కుంగుబాటు నివారణ మందులు పరస్పరం ప్రభావితం చేసుకునే మార్గాలను ఉదాహరణలతో వివరించండి.
2. 11.7లోని ఉదాహరణలో రెండు చక్రాల్లోనూ నాలుగు వారాల సగటు 7గా ఉండి ఉంటే మీ ముగింపు ఎలా మారేది? చర్చించండి.

మీ ప్రగతిని సమీక్షించుకోండి: సమాధానాలు
1. అ) ట్రిప్టోఫాన్ ఆ) ల్యూసిన్
2. అ) ప్రొజెస్టిరాన్ ఆ) సెరటోనిన్ వ్యవస్థ, అల్లోప్రెగ్ననొలోన్, కాలేయ ఎంజైములు